ఇంట్లో, పెరట్లో తీసే ఫోటోలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఫోటోలు తీయడం నాకు ఉద్యోగం కాదు, వ్యసనం. ఇంట్లోవాళ్ళనూ, పెరట్లోకి వచ్చే పిట్టలనూ పురుగులనూ ఏళ్ళ తరబడి తీస్తున్నాను కాబట్టి చుట్టాలకూ స్నేహితులకూ కెమెరా గురించి ఏ అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. ఆ అనుమానాల్లో సగం అనుమానాలు కావు, ఎప్పుడో గట్టిపడిపోయిన నమ్మకాలు.

అపోహ: మంచి ఫోటోకు ఖరీదైన కెమెరా, బోలెడు మెగాపిక్సెళ్ళు కావాలి.

ఆల్బంలో పెట్టుకునే 4×6 అంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్ళు చాలు (మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్ళు, అంటే ఫోటోలోని చుక్కలు). 12 మెగాపిక్సెళ్ళ ఫోటోను ఎ4 కాగితమంత వేయించినా స్పష్టంగానే ఉంటుంది. ఫోను పెట్టె మీద 48 అని ఎంత గొప్పగా రాసినా, మామూలుగా తీసినప్పుడు చాలా ఫోన్లు పక్కపక్క పిక్సెళ్ళను కలిపేసి 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే దాస్తాయి. కొత్త ఫోను బేరమాడే ముందు పాతదాని లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడిచి చూడండి. దీపాల చుట్టూ కనబడే ఆ మసక చాలాసార్లు మన వేలి జిడ్డే.

అపోహ: ఎండ ఎంత బాగా కాస్తే ఫోటో అంత బాగా వస్తుంది.

మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నపు ఎండ మొహాలకు శత్రువు. వెలుతురు నడినెత్తి మీద పడటంతో కనుబొమల నీడ కళ్ళను మింగేస్తుంది, ముక్కు కింద నల్లటి మచ్చ తేలుతుంది. సూర్యుడు తీసేవాళ్ళ వీపు వెనక ఉండాలన్న పాత సలహా పాటిస్తే ఎదుటివాళ్ళు కళ్ళు చికిలిస్తారు. అదే మనిషిని రెండడుగులు వెనక్కి, వసారా నీడలోకి రమ్మని, వీధివైపు మొహం పెట్టి కూర్చోమనండి. బయటి వెలుతురు మెత్తగా మొహమంతా పరుచుకుంటుంది. మబ్బు పట్టిందని కెమెరా లోపల పెట్టేయకండి. తడి ఆకుల పచ్చదనం ఉన్నది ఉన్నట్టు పడేది ఆరోజే.

వంటింట్లో పగటిపూట తీస్తుంటే ట్యూబ్‌లైటు ఆర్పేయండి. కిటికీ వెలుతురూ లైటు వెలుతురూ కలిస్తే ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు. రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద ఫోటోలో చారలు పడితే ఫోను పాడైందనుకోకండి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానివల్ల కొన్ని బల్బుల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. కెమెరాలో అన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి షట్టర్ వేగం (వెలుతురు లోపలికి పడే సమయం) 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ పెడితే చాలావరకు చారలు పోతాయి.

అపోహ: అందరూ కెమెరా వైపు చూసి నవ్వితేనే అది ఫోటో.

తొలినాటి కెమెరాల్లో ఒక్క ఫోటో పడటానికి సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పట్టేది కాబట్టి మనుషులు బిగుసుకుని నిలబడక తప్పేది కాదు. ఆ అవసరం ఏనాడో పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

మా అమ్మ ఆవకాయ కలిపేటప్పుడు “ఇటు చూడమ్మా” అన్నానంటే చాలు, చెయ్యి బేసిన్లోంచి బయటికి వచ్చేస్తుంది, చెంగు సర్దుకుంటుంది, మూతి బిగుస్తుంది. ఇంకేముంది, పాస్‌పోర్టు ఫోటో సిద్ధం. అందుకని నేనేమీ అనను. పక్కనే పీట వేసుకుని, ఉప్పు కొలిచి అందిస్తూ కూర్చుంటాను. కాసేపటికి ఫోను సంగతి మరిచిపోయి, ఆవపిండి ఘాటుకు తల పక్కకు తిప్పుకుని, మోచేత్తో నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంటుంది. నాకు కావలసింది ఆ మోచెయ్యి.

అన్నట్టు, కారం ఎరుపు ఫోను కెమెరాను తికమక పెడుతుంది. బేసిన్ మొత్తం ఒకే ఎర్రటి ముద్దగా పడుతుంది. తెర మీద అక్కడ తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే వెలుతురు తగ్గి మామిడి ముక్క, నూనె, మెంతులు విడివిడిగా తేలతాయి.

పండగ ఫోటోలన్నీ తిరగేసి చూడండి, వంట చేసిన మనిషి చాలా ఇళ్ళలో ఒక్కదానిలోనూ ఉండదు. పోయాక దండ వేయడానికి ఆధార్ కార్డు మీది ఫోటోను పెద్దది చేయించుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

అపోహ: ఇంటి ఫోటోలు ఇంటివాళ్ళకే, వాటికి విలువేముంది?

జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు పసితనంలోనే తండ్రి ఇచ్చిన కెమెరాతో ఇంట్లోవాళ్ళ ఆటలూ గంతులూ తీసి దాచుకున్నాడు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1963లో వాటిని ప్రదర్శించే నాటికి ఆయనకు దాదాపు 70 ఏళ్ళు.

అపోహ: ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదు. పసిపిల్లల మీద ఫ్లాష్ పడితే చూపు పోతుంది.

మొదటిదానితో వాదన పెట్టుకోను. నాలుగో మనిషిగా పిల్లినో బొమ్మనో కలుపుకుంటే పెద్దవాళ్ళ మాటా నిలుస్తుంది, ఫోటో కూడా బాగుంటుంది. మామూలు కెమెరా ఫ్లాష్‌తో చూపు పోతుందనడానికి ఆధారం లేదు. కానీ బిడ్డ ఉలిక్కిపడుతుంది, మొహం తెల్లగా పాలిపోయి పడుతుంది. కిటికీ పక్కన పడుకోబెడితే అసలు ఫ్లాష్‌తో పనే ఉండదు.

అపోహ: ప్రకృతిని తీయాలంటే అడవికి వెళ్ళాలి, గజం పొడుగు లెన్సు ఉండాలి.

ముందు పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళండి. నిమ్మ, నారింజ చెట్ల మీద పెరిగే కొన్ని సీతాకోకచిలుకలు దీని మీద కూడా గుడ్లు పెడతాయి. చిన్న గొంగళిపురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే ముందు మీ కంటికి ఆనదు. పిట్టలను ఏమార్చడానికి దానికున్న ఉపాయం అదే. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు కదిలిస్తే తల వెనక నుంచి కొమ్ముల్లాంటి రెండు మెత్తటి పోగులు చాచి ఘాటైన వాసన వదులుతుంది (ఫోటో కోసం పుల్లతో పొడిచేవాళ్ళను చూశాను, దయచేసి వద్దు). ప్యూపా (గొంగళిపురుగు కదలకుండా ఉండి సీతాకోకచిలుకగా మారే దశ) నల్లబడి లోపలి రెక్కల గీతలు బయటికి కనబడుతున్నాయంటే మర్నాడు పొద్దున్నే లేచి చెట్టు దగ్గర ఉండండి. ఇదంతా మామూలు ఫోనుతో అయ్యే పని. మునగ పూతకు వచ్చే తేనెపిట్టలు మాత్రం ఫోనుకు అందవు. రెండు వేళ్ళతో జూమ్ చేస్తే ఒక హద్దు దాటాక మీరు చేస్తున్నది ఫోటోను కత్తిరించి సాగదీయడమే. పెద్ద పక్షులే కావాలంటే గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్ళండి. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా కనబడతాయి.

అపోహ: గూట్లో పిల్లలను దగ్గరగా తీస్తే ఏమీ కాదు.

అవుతుంది. మనం అక్కడున్నంతసేపూ తల్లి దగ్గరికి రాదు, పిల్లలు ఎండకు మాడతాయి. గూడు బాగా కనబడాలని కొమ్మలు తొలగిస్తే కాకికి దారి చూపించినట్టే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడాన్ని కూడా వేట నిర్వచనంలోనే చేర్చింది. నేనైతే ఎవరైనా గూటి ఫోటో చూపిస్తే మెచ్చుకోను.

అపోహ: ఫోనులో ఉన్నాయి, వాట్సాప్‌లో కూడా పంపాం, ఇక భద్రమే.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, చోటు వంటి వివరాలు ఎగిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే అసలుది అసలుగానే వెళ్తుంది. హార్డ్‌డిస్కులో ఒక ప్రతి, మరోచోట ఇంకో ప్రతి ఉంచుకోండి. ఏటా కొన్నింటిని ఏరి ప్రింట్లు వేయించండి. వెనక వివరాలు రాయడానికి బాల్‌పెన్ను వాడితే నొక్కులు ముందువైపు తేలతాయి. ఇప్పటి ప్లాస్టిక్ పూత కాగితం మీద 6బి లాంటి బాగా మెత్తటి పెన్సిలైతే పడుతుంది. “అమ్మమ్మ, పెద్దమామయ్య” అని రాయకండి, మీ మనవలు చూసేనాటికి ఎవరి అమ్మమ్మో తెలియదు. ఇంటిపేరుతో పూర్తి పేరు, ఊరు, సంవత్సరం రాయండి.