దక్షిణ అమెరికా పాత బంగారు నాణేలు: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

నేను అమెరికాలో పాత నాణేలు కొని అమ్ముతుంటాను. 19వ శతాబ్దపు దక్షిణ అమెరికా బంగారమంటే నాకు మోజు. ఇక్కడి తెలుగువాళ్లు అలాంటి నాణెం చేతిలోకి తీసుకోగానే అడిగే మొదటి మాట, ‘ఎన్ని క్యారెట్లండీ?’

అపోహ: 22 క్యారెట్లు లేకపోతే కల్తీ.

ఎస్కూడో అంటే స్పెయిన్ బంగారు నాణేల లెక్క. 19వ శతాబ్దపు 8 ఎస్కూడోల నాణెం 21 క్యారెట్లే. స్పెయిన్ పాలన చివరి దశలో ఆ ప్రమాణం పెట్టారు. స్వతంత్రం వచ్చాక పెరూ, బొలీవియా, చిలీ కూడా చాలాకాలం దాన్నే కొనసాగించాయి. మొత్తం బరువు 27 గ్రాముల పైచిలుకు, అందులో అసలు బంగారం 23.7 గ్రాములు. 1898లో మొదలైన పెరూ బంగారు నాణెం ‘లిబ్రా’ మాత్రం బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్‌కు సమానంగా 22 క్యారెట్లు. కాబట్టి ఈ కాలపు 8 ఎస్కూడోలు 22 క్యారెట్లు చూపిస్తేనే టెన్షన్ పడాలి. అనుమానం తీర్చుకోవడానికి కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించారంటే, సేకరణ విలువ అక్కడితో పోయినట్టే.

అపోహ: తూకం, సాంద్రత సరిపోతే అసలుదే.

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ప్లాటినం బంగారం కన్నా చవక. కొలంబియాలోని చోకో ప్రాంతపు నదుల్లో రెండూ కలిసే దొరికేవి. ప్లాటినంతో స్పానిష్ బంగారు నాణేలకు నకిలీలు కొట్టి, పైన బంగారు పూత వేసినవాళ్లున్నారు. ప్లాటినంలో రాగి కలిపితే సాంద్రత బంగారు నాణేనికి దగ్గరగా వస్తుంది. అందుకే నేను ముందు అంచు చూస్తాను. పూత అరిగేది అక్కడే, లోపలి తెలుపు బయటపడేదీ అక్కడే. ఆ పాత నకిలీల కోసమే వెతికే సేకర్తలు కూడా ఉన్నారిప్పుడు!

అంచు పైభాగంలో టంకం వేసిన గుర్తు కూడా వెతకండి. మన కాసుల పేరులాగే అక్కడా నాణేలకు కొక్కెం అతికించి మెడలో వేసుకునేవారు. కొక్కెం తీసేసి అంచు సాపు చేసినవి మార్కెట్లో బోలెడు.

అపోహ: బొమ్మ ఒక రాజుది, పేరు ఇంకొకరిది ఉంటే నకిలీ.

1808లో స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ గద్దె దిగి, కొడుకు ఏడో ఫెర్డినాండ్ రాజయ్యాడు. కొత్త రాజు ముఖం అచ్చు సముద్రం దాటి రాలేదు. కొలంబియాలోని పొపాయాన్ టంకశాల (నాణేలు కొట్టే చోటు) 1820 దాకా తండ్రి బొమ్మ మీదే కొడుకు పేరు వేసింది. లిమా (పెరూ), శాంటియాగో (చిలీ) టంకశాలల్లో ముందు ఊహించి ఒక ముఖం చెక్కారు. శాంటియాగో తర్వాత మళ్లీ తండ్రి బొమ్మకే వచ్చింది. వీటిని నకిలీ అనుకుని వదిలేసేవాళ్లుంటే నాలాంటి వ్యాపారికి పండగే.

అపోహ: బొమ్మ తలమీద జుట్టు గీతలు కనిపించకపోతే అరిగిందని అర్థం.

దీపం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. చదునుగా ఉన్న చోట కూడా కొత్త మెరుపు కదులుతుంటే అది అరుగుదల కాదు, అచ్చు గట్టిగా పడలేదంతే. సన్నని ఆకురాయి గీతలు కూడా కొన్నిసార్లు టంకశాలవే. బిళ్ల బరువు ఎక్కువైతే రాకి సరిచేశాకే అచ్చు కొట్టేవారు.

అపోహ: పాతదైతే చాలు, అరుదే.

అర్జెంటీనా 5 పెసోల ‘అర్జెంటీనో’ 1887లో లక్షల్లో కొట్టారు. దాని సగం విలువ నాణెం 1884లో కొట్టింది 421 మాత్రమే. బ్రెజిల్‌లో 1822 పట్టాభిషేకానికి కొట్టిన 6400 రెయిస్‌ల (అప్పటి బ్రెజిల్ డబ్బు) బంగారు నాణేలు 64 మాత్రమే. రోమన్ చక్రవర్తిలా ఒంటి మీద బట్ట లేకుండా చూపించడం కొత్త చక్రవర్తి మొదటి పెద్రోకు నచ్చలేదు, ఆపించేశాడు. 2014 వేలంలో వాటిలో ఒకటి దాదాపు 5 లక్షల డాలర్లు పలికింది.

అపోహ: కడిగి మెరిపిస్తే ధర పెరుగుతుంది.

కుంకుడు రసం, బ్రష్షు నగలకు. నాణేనికి వద్దు.

అపోహ: ఎప్పుడైనా ఇండియాకి తీసుకెళ్లి, కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు.

వందేళ్లు దాటిన నాణెం, ఏ దేశానిదైనా, మన 1972 చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం బయటికి పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. గ్రేడింగ్ (నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉందో నిపుణులతో తేల్పించుకోవడం) చేయించాలన్నా, అమెరికా వేలంలో అమ్మాలన్నా ఆ పని తీసుకెళ్లకముందే పూర్తి చేసుకోండి.