"మన సినిమాల గొడవలేం లేవన్నా": ఫీల్ గుడ్ సినిమాల మీద అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో నాలా ఎడిటింగ్ రూమ్ నడుపుతున్న ఎవరినైనా అడగండి, ఈ మాట వినని నెల లేదంటారు. కొత్త డైరెక్టర్ వస్తాడు. హార్డ్ డిస్క్ టేబుల్ మీద పెడతాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మొదలుపెడతాడు: "అన్నా, మనది ఫీల్ గుడ్. విలన్ లేడు, ఫైట్లు లేవు, మన సినిమాల గొడవలేం లేవు. హాయిగా పోతుంటది." చాలా సంతోషంగా చెబుతాడు. నాకు మాత్రం అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే షూటింగ్ అప్పటికే అయిపోయింది. డబ్బూ అయిపోయింది. అది చాలాసార్లు ఏ ఫైనాన్షియర్‌దో కాదు, ఇంట్లోవాళ్లది.

అందుకే ఇది రాస్తున్నాను. సగానికి పైగా ఒక్క అపోహ గురించే ఉంటుంది. మిగతావి గబగబా చెప్పేస్తాను, వాటి వల్ల ఇల్లు అమ్ముకునే పరిస్థితి రాదు కాబట్టి.

అపోహ: ఫీల్ గుడ్ సినిమాకి కాన్‌ఫ్లిక్ట్, అంటే హీరో కోరికకి అడ్డుపడే సమస్య, అక్కర్లేదు.

వాస్తవం: ఏ సినిమాల పేర్లు చెప్పి మీరు ఈ మాట అంటున్నారో, వాటిని ఒక్కసారి కూర్చుని మళ్లీ చూడండి.

ఆనంద్ సంగతే తీసుకుందాం. 2004లో "మంచి కాఫీ లాంటి సినిమా" అని పోస్టర్ మీద వేసుకుని వచ్చింది. అందరికీ ఆ కాఫీయే గుర్తుండిపోయింది. వాన, కాలనీ, కమలినీ ముఖర్జీ చీరలు. మరి కథ? హీరోయిన్ రూప కుటుంబం యాక్సిడెంట్‌లో పోయింది. ఒక్కతే బతుకుతోంది. పెళ్లి దాకా వచ్చిన సంబంధాన్ని, కాబోయే అత్తగారి పెత్తనం భరించలేక తనే తెంచుకుంది. ఆనంద్ ఎంత మంచివాడైనా ఆమె తొందరగా నమ్మకపోవడానికి ఇంత కారణం ఉంది. ఆ కారణం తీసేసి చూడండి. అమ్మాయి ఇంటి దగ్గరే అద్దెకు దిగి వెంటపడే డబ్బున్న కుర్రాడొక్కడు మిగులుతాడు. అతన్ని పది నిమిషాలు కూడా చూడలేం. ఆనంద్‌కి వచ్చిన పేరు న్యాయమైనదే అని నేనూ అంటాను. అది కాఫీ వల్ల కాదు, రూప కోపాన్ని తేలిగ్గా తీసుకోనందువల్ల.

నువ్వు నాకు నచ్చావ్ (2001) ఇంకా మంచి ఉదాహరణ. అది కామెడీ సినిమా అంటారు, నిజమే. మూడు గంటలు దాటిన సినిమా, టీవీలో ఎక్కడ తగిలినా ఛానల్ మార్చనివ్వదు. కొత్తగా చేరిన అసిస్టెంట్లకి నేనిచ్చే మొదటి పని, ఆ సినిమాలో కామెడీ సీన్లు తీసేసి మిగిలిన కథ ఒక కాగితం మీద రాయమనడం. రాస్తే ఇదీ తేలేది: ఉద్యోగం కోసం తండ్రి స్నేహితుడి ఇంటికి వచ్చాడు, వాళ్ల అన్నం తింటున్నాడు, ఆ ఇంటి అమ్మాయినే ప్రేమించాడు, ఆమెకి అప్పటికే పెళ్లి కుదిరింది. నోరు విప్పితే ఇద్దరు పెద్దవాళ్ల స్నేహం పోతుంది. అమ్మాయి తండ్రి ప్రకాష్ రాజ్ చెడ్డవాడైతే లేపుకుపోవచ్చు, సినిమా అయిపోతుంది. ఆయన మంచివాడు. అదే ఇబ్బంది. ఆ ఇబ్బంది కింద ఉంది కాబట్టే పైన జోకులు అంతసేపు నడిచాయి.

ఆ సినిమాలో విలన్ లేడన్నది నిజం. కాన్‌ఫ్లిక్ట్ లేదన్నది అబద్ధం. ఈ రెండూ ఒకటే అనుకుని మన కుర్రాళ్లు మునుగుతున్నారు.

బొమ్మరిల్లు (2006) కూడా అంతే. కొడుకు వేసుకునే చొక్కా దగ్గర్నుంచి పెళ్లి దాకా అన్నీ తానే నిర్ణయించే తండ్రి, అదీ ప్రేమతోనే. అలాంటి మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో ఇంట్లో అలాంటి తండ్రి ఉన్నవాళ్లకి తెలుసు. ఇప్పుడు చూస్తే హీరోయిన్ హాసిని అల్లరి కొంచెం ఎక్కువైందనిపిస్తుంది, కొన్ని సీన్లు నా చేతిలో పడితే ట్రిమ్ చేసేవాణ్ని. అయినా చివర్లో తండ్రి ముందు కొడుకు నోరు విప్పే సీన్ ఒక్కటి చాలు, ఆ పేరు నిలబడటానికి. సినిమా మొత్తం ఆ మాటలు మింగుతూ వచ్చాడు కాబట్టే అక్కడ అంత బరువు.

శతమానం భవతి (2017) దగ్గర నాకు పేచీ ఉంది. ఆరోగ్యకరమైన వినోదం పంచిన ప్రజాదరణ పొందిన చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది, సంక్రాంతికి ఇళ్లలో ఇప్పటికీ పెట్టుకుంటారు. మొదలు గట్టిది: పిల్లలు విదేశాల నుంచి రావట్లేదు, వాళ్లని రప్పించడానికి ముసలాయన విడాకుల కబురు పెడతాడు. ఎంత నొప్పి ఉందో చూడండి అందులో. కానీ పిల్లలు ఇంటికొచ్చాక సినిమా ఆ నొప్పికి భయపడింది. వాళ్ల వైపు మాట ఒక్కటైనా గట్టిగా చెప్పించకుండా సిగ్గుపడేలా చేసి పంపేసింది. నా లెక్కలో దానికి సగం పేరు న్యాయం, సగం పండగ పుణ్యం.

సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు (2013) విషయంలో మాత్రం జనం అన్యాయం చేశారు. "కథేం లేదు" అన్నారు. ఉద్యోగం లేని పెద్దోడు ఇంట్లో ఎవరి మొహం చూడకుండా తిరగడం కథ కాదా? ఆ ముఖం ముడుచుకోవడమే ఆ సినిమాకి ప్రాణం. భద్రాచలం క్లైమాక్స్ దగ్గరే దారి తప్పింది, నన్నడిగితే.

ఇక ఆ మధ్య జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. సిద్దిపేట వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి తీశాడు. ఊళ్లో కిరాణా కొట్టు నడిపే కుటుంబం కథ. సీన్ ఆర్డర్‌లో పేర్చి చూస్తే రెండు గంటల పైన వచ్చింది. అందరూ నవ్వుతుంటారు. చెరువు కట్ట మీద నవ్వుతారు, బతుకమ్మ పేరుస్తూ నవ్వుతారు, అన్నాల దగ్గర నవ్వుతారు. మా అసిస్టెంట్ అమ్మాయి ఉండబట్టలేక "వీళ్లకి ఏం కావాలి సార్?" అని అడిగేసింది. డైరెక్టర్ కాసేపు ఆలోచించి "హ్యాపీ ఫ్యామిలీ కదా" అన్నాడు.

వెనక సోఫాలో ఆ పిల్లాడి నాన్న కూర్చునేవారు. రోజూ వచ్చేవారు. ఇంటి జాగా అమ్మిన డబ్బు ఇందులో ఉంది. టీకి కిందకి దిగినప్పుడు నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగారు: "సార్, పైసలు మళ్లొస్తయా?" చూద్దామండీ, పని చేస్తున్నాం అన్నాను. మా లైన్‌లో ఆ ప్రశ్నకి నిజాయితీగా ఇవ్వగల జవాబు అంతే. అంతకంటే ధైర్యం చెప్పేవాడు ఎవడైనా తగిలితే, మీ డబ్బులో కొంత అతని జేబులోకి పోతోందని అనుమానించండి.

రషెస్, అంటే షూటింగ్‌లో తీసిందంతా, మళ్లీ తిరగేస్తే పక్కన పడేసిన సీన్ ఒకటి దొరికింది. రాత్రి షట్టర్ దించాక కొట్టాయన ఉద్దెర పుస్తకం ముందేసుకుని లెక్క చూస్తాడు. ఊళ్లో సగం మంది ఆయనకి బాకీ. ఆయన టౌన్‌లో హోల్‌సేల్ షాపుకి బాకీ. భార్య రాగానే పుస్తకం మూసేసి నవ్వుతాడు. "అది డల్‌గుందన్నా, ఫీల్ పోతది" అని డైరెక్టరే తీయించేశాడట. తెచ్చి పదో నిమిషం దగ్గర వేశాం. ఆ తర్వాత వచ్చే సీన్లన్నీ పాతవే. కానీ కూతురు సైకిల్ కొనివ్వమన్నప్పుడు ఆయన నవ్వే నవ్వు మారిపోయింది. బతుకమ్మ రోజు ఇంటికి కొత్త చీరలొస్తే, వీటికి డబ్బెక్కడిదని చూసేవాడికి దిగులు పట్టుకుంది. మొన్నటిదాకా ల్యాగ్ అనిపించిన సీనే ఇప్పుడు గుండె పట్టుకుని చూసేలా అయింది. నటుడికి తన పాత్రకున్న అప్పు సంగతి తెలుసు, ఆ భారం పెట్టుకునే నటించాడు. మనమే దాన్ని ప్రేక్షకుడికి చెప్పకుండా దాచాం.

అద్భుతం జరిగిందని చెప్పను. ఆ అప్పు ఏమైందో స్క్రిప్టులోనే లేదు, కాబట్టి సెకండాఫ్ చివరిదాకా వదులుగానే ఉండిపోయింది. మళ్లీ షూట్ చేయడానికి డబ్బు లేదు. థియేటర్ దొరకలేదు. జనం చూసిన గంటల లెక్కన డబ్బిచ్చే పద్ధతిలో ఓటీటీకి వెళ్లింది. కొంత వచ్చింది, పెట్టింది రాలేదు. కుర్రాడు మళ్లీ ఉద్యోగంలో చేరాడు, రాత్రుళ్లు ఇంకో కథ రాసుకుంటున్నాడు. ఈసారి ఉద్దెర పుస్తకం లాంటిది మొదటి పేజీలోనే ఉందని ఫోన్‌లో చెప్పాడు.

కాబట్టి షూటింగ్‌కి ముందు, కాగితం మీద ఉన్నప్పుడే చూసుకోండి. హీరోకి ఏం కావాలి, అది దొరక్కపోతే ఏం పోతుంది, అడ్డం ఎవరు లేదా ఏమిటి. అడ్డం వచ్చేది మంచి మనిషే కావచ్చు. బిడియం కావచ్చు, అప్పు కావచ్చు, ఇచ్చిన మాట కావచ్చు. ఏదో ఒకటి ఉండాలి. మిడిల్ క్లాస్ మెలోడీస్ (2020)లో ఉన్నది బొంబాయి చట్నీతో గుంటూరులో హోటల్ పెట్టాలన్న ఒక్క కోరికే. దానికి అడ్డం డబ్బు, నోరు జారే తండ్రి. సరిపోయింది కదా.

ఇక మిగతావి.

అపోహ: ఫీల్ గుడ్ అంటే నెమ్మదిగా నడవాలి. కాదు. షాట్ ఎంతసేపు ఉంచాలన్నది అందులో ఏం జరుగుతోందన్న దాన్ని బట్టి. కాఫీ కప్పు మీద ఆవిరి చూపిస్తూ ఇరవై సెకన్లు ఉంచమంటే నేను ఉంచుతాను, డైరెక్టర్ మీరు. చూసేవాడు మాత్రం ఫోన్ తీస్తాడు.

అపోహ: లేనిదేదైనా ఆర్‌ఆర్‌లో, అంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లో, చూసుకోవచ్చు. వయొలిన్ వేస్తే ఫీల్ వస్తుందట. పప్పే ఉడకనప్పుడు పైన నెయ్యి ఎంత వేసినా ఏం లాభం?

అపోహ: అంతా సుఖాంతం కావాలి. కేరాఫ్ కంచరపాలెం (2018) చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని బయటికొచ్చినవాళ్లే ఈ మాట అంటుంటారు. అందులో చావులున్నాయి, తెగిపోయిన ప్రేమలున్నాయి, నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని మనిషి ఉన్నాడు. మిథునం (2012) అయితే తెర మీద ఇద్దరే మనుషులు, చివరికి ఒక్కరే మిగులుతారు. దాన్ని మనవాళ్లు ఫీల్ గుడ్ లిస్టులో పెట్టుకుంటారు. పెట్టుకోవడం సరైనదే.

అపోహ: పాత సినిమాల్లో ఈ బాధలుండేవి కావు. గుండమ్మ కథ (1962) చెప్తారు దీనికి. సవతి కూతురితో పనిమనిషిలా చాకిరీ చేయించే ఇల్లది. ఆ పిల్లని నౌకరుకిచ్చి పెళ్లి చేస్తారు. సూర్యకాంతం నవ్వించింది కదా అని సావిత్రి కష్టం లేనట్టేనా? ఇది రాస్తుంటే మళ్లీ చూడాలనిపిస్తోంది, అది వేరే సంగతి.

అపోహ: పెద్ద సినిమా పక్కన చిన్నది బతకదు. చిన్న సినిమా ఆనంద్, చిరంజీవి శంకర్ దాదా ఎంబీబీఎస్ ఒకే రోజు వచ్చాయి, 2004 అక్టోబర్ 15న. రెండూ ఆడాయి. ఇలా ప్రతిసారీ జరుగుతుందని కాదు, జరగదని మాత్రం అనకండి.

అపోహ: ఇప్పుడు ఆడకపోయినా తర్వాత క్లాసిక్ అవుతుంది. సినిమా పోయినవాళ్లు ఈ మాట పట్టుకుని వేలాడుతుంటే ఏమనబుద్ధి కాదు, బాధ తెలుసు. కానీ వాళ్లు చెప్పే ఉదాహరణలు చూడండి. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946) మొదట నష్టపోయింది. 1974లో దాని కాపీరైట్ రెన్యూ చేయించడం మర్చిపోయారు, దాంతో అమెరికా టీవీ ఛానళ్లు ప్రతి క్రిస్మస్‌కి ఉచితంగా వేసుకోవడం మొదలుపెట్టాయి. ఇంటింటికీ అలా చేరింది. ఇంతా చేసి అది చచ్చిపోదామని వంతెన మీద నిలబడిన మనిషి కథ! ది షాషాంక్ రిడెంప్షన్ (1994) థియేటర్లలో ఆడలేదు, వీడియోల్లో, టీవీల్లో బతికింది. కానీ ఆడని ఆ సినిమాకే ఏడు ఆస్కార్ నామినేషన్లొచ్చాయి. చూసినవాళ్లకి బాగుందని అప్పుడే తెలుసు. మీ ప్రివ్యూలో స్నేహితులు కూడా వాచీ చూసుకున్నారంటే పదేళ్లు ఆగినా మారేదేం ఉండదు.

అపోహ: ఫీల్ గుడ్ అంటే చాలు, ఓటీటీ వాళ్లు కళ్లు మూసుకుని కొంటారు. ఈ పుకారుకి ఎన్నిసార్లు సమాధానం చెప్పానో. లాక్‌డౌన్‌లో థియేటర్లు మూసి ఉన్నప్పుడు చిన్న సినిమాలు నేరుగా వెళ్లాయి, ఆ కథలే ఇంకా టీ కొట్ల దగ్గర తిరుగుతున్నాయి. ఇప్పుడు పేరున్న నటులు లేకపోతే థియేటర్ టాక్ చూశాకే మాట్లాడుతున్నారు, లేదా చూసిన గంటల లెక్కే. "నాకు లోపల మనుషులు తెలుసు, డీల్ చేయిస్తా" అనే మధ్యవర్తి ఒకడు మీకు తప్పకుండా తగులుతాడు. ఏ ప్లాట్‌ఫామ్, ఏ హక్కులు, ఎన్నేళ్లకి, డబ్బు ఎప్పుడు, ఇవన్నీ రాతలో ఇమ్మనండి. ఆ కాగితం లాయర్‌కి చూపించండి. అవేవీ ఇవ్వకుండా ముందు అడ్వాన్స్ కొట్టమంటే టీ డబ్బులు మీరే ఇచ్చేసి లేచి వచ్చేయండి.