నడుముకీ భుజానికీ రోజంతా తగిలించుకునే సరంజామా: అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో బెల్టులు, పౌచ్‌లు, భుజాన వేసుకునే బ్యాగులు కుట్టడం మా పని. షోరూం సరుకు కాదు. కరెంటు పనివాళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, చీమకుర్తి క్వారీల సూపర్‌వైజర్లు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద ఉండేవాళ్లు, మెడికల్ రెప్‌లు... పొద్దున తగిలించుకుని రాత్రికి గానీ తీయనివాళ్లే మా గిరాకీ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే: "మెత్తగా, తేలిగ్గా ఉండాలన్నా." అపోహలు అక్కడే మొదలవుతాయి. సాయంత్రానికి మనిషిని విసిగించేది బరువు కన్నా ఆ బరువు ఊగడం, లేదంటే ఒకేచోట నొక్కుకుపోవడం. ఈ రెండూ ఆపగలిగితే కిలో సామాను ఉన్నా గుర్తుండదు. ఆపలేకపోతే పావుకిలో కూడా లేని సెల్‌ఫోనే ప్రాణం తోడేస్తుంది.

అపోహ: మెత్తటి బెల్టే నడుముకి హాయి.

ప్యాంటు జారకుండా ఉంటే చాలనుకుంటే మెత్తనిది సరిపోతుంది. దానికి కటింగ్ ప్లేయరు, టెస్టరు, ఫోను, తాళాలు తగిలించాక లెక్క మారుతుంది. మెత్తటి పట్టీ బరువున్న చోట కిందికి వంగిపోతుంది. పై అంచు బయటికి వాలుతుంది, కింది అంచు తుంటి ఎముక మీద గీసుకుంటుంది. పౌచ్ ఒంటికి ఆనకుండా వేలాడుతూ, అడుగు వేసినప్పుడల్లా తొడకి కొట్టుకుంటుంది. అప్పుడు మనవాడు ఇంకో బెజ్జం బిగిస్తాడు. అసలు బాధ అక్కణ్ణుంచి.

బరువు మోసే బెల్టు గట్టిగానే ఉండాలి. మేమైతే అంగుళంన్నర వెడల్పులో రెండు పొరల తోలు అతికించి, అంచు వెంట కుడతాం. అంతకన్నా వెడల్పు చేస్తే మామూలు ప్యాంటు లూపుల్లో దూరదు. తోలు కూడా చూసుకోవాలి. తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసిన తోలు దక్షిణాదిన పాతకాలం నుంచీ ఉన్నదే. మొదట్లో బిరుసుగా ఉంటుంది, పోనుపోను వేసుకున్న నడుము ఒంపు పడుతుంది, కానీ కిందికి మాత్రం జారగిలపడదు. క్రోమ్‌తో పదును చేసింది మెత్తగా ఉంటుంది. బ్యాగు పట్టీకి మంచిదే, పనిముట్ల బెల్టుకి ఒంటి పొరగా పనికిరాదు. కొట్లో కొనేటప్పుడు బెల్టుని రెండు చేతుల్తో పట్టుకుని, తడి తువ్వాలు పిండినట్టు మెలిపెట్టి చూడండి. సులువుగా తిరిగిపోయిందంటే అది ప్యాంటు కోసమే.

ఇంకొక మాట. తోలు పొడిని జిగురుతో కలిపి అచ్చుపోసిన సరుకుకి కూడా మీద 'లెదర్' అని ముద్ర ఉంటుంది. అది బెజ్జాల దగ్గర చీలుతుంది. పైపూత రెగ్జిన్‌దైతే మన ఎండకీ సముద్రపు గాలి తేమకీ బీరువాలో పెట్టినా పొరలు లేస్తుంది. ఉప్పునీళ్లలో దిగే చెరువుల వాళ్లకి మాత్రం నేనే తోలు వద్దంటాను. రెండు పొరలు కుట్టిన నైలాన్ పట్టీ, ప్లాస్టిక్ బకిల్ తీసుకోమంటాను. ఇనప బకిల్ అక్కడ నిలవదు, తోలు ఉప్పు పట్టి గొడ్డుబారిపోతుంది. బేరం పోతుందని ఇంట్లో గొణుగుతారు, పోనీ.

అపోహ: బిగించి కడితేనే జారదు.

జారడం, జారకపోవడం బెల్టు గట్టిదనాన్ని బట్టి, బరువు రెండు పక్కలా సమంగా ఉండటాన్ని బట్టి ఉంటుంది. బిగింపు ఆఖరి మాట. తుంటి ఎముక ముందు కొసకి దగ్గర్లోంచి తొడ బయటి పక్క చర్మానికి వెళ్లే నరం ఒకటి ఉంది. బిగుతు బెల్టు రోజూ అక్కడ నొక్కితే తొడ బయటి పక్క తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని మెరాల్జియా పరెస్తెటికా అంటారు. నడుముకి బరువైన బెల్టు కట్టే పోలీసులకీ, పనిముట్లు తగిలించుకునే వాళ్లకీ, పొట్ట ఉన్నవాళ్లకీ వస్తుంటుంది. "షుగరేమో" అని కంగారుపడి పరీక్షలకి పరిగెత్తే ముందు ఆ బెల్టు సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. బెల్టు వదులు చేసినా తగ్గకపోతే, కాల్లో పట్టు తప్పుతున్నట్టుంటే మాత్రం మా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికే.

కొలత ఇచ్చేటప్పుడు అందరూ పొట్ట లోపలికి పీల్చి నిటారుగా నిలబడతారు. కొలత తీయాల్సింది భోంచేశాక, కూర్చోబెట్టి. కూర్చుంటే నడుము చుట్టుకొలత పెరుగుతుంది మరి. మామూలు బెల్టుకి బెజ్జాలు అంగుళానికొకటి ఉంటాయి. మేము అరంగుళానికొకటి వేస్తాం. పొద్దున ఒక బెజ్జం, మధ్యాహ్నం భోజనమయ్యాక దాని పక్కది. చిన్న తేడానే, కానీ సాయంత్రం నాలుగింటికి దాని విలువ తెలుస్తుంది.

అపోహ: ఇదంతా మగవాళ్ల గొడవ, ఆడవాళ్లకి బెల్టులెక్కడివి?

చీర కట్టే ఆడవాళ్లు మోసినంత మోత నడుముతో ఎవరు మోస్తున్నారు? తాళాల గుత్తి బొడ్లో, చిన్న పర్సు బొడ్లో, ఫోను కూడా అక్కడే. ఆ బరువంతా ఆపేది సన్నటి లంగా బొందు. అది ఊడకుండా ఉండాలని లాగి ముడేస్తారు. చెమట, రాపిడి, బిగుతు మూడూ కలిసి నడుము చుట్టూ నల్లటి మచ్చ పడుతుంది. "అందరికీ ఉండేదే కదా" అని వదిలేస్తారు. ఏళ్ల తరబడి మానకుండా పుండుగా మిగిలితే అరుదుగా అది క్యాన్సర్‌గా మారుతుంది. ఇద్దరు పెద్దావిడలకి ఇలా జరిగిందని 2024లో మన దేశపు డాక్టర్లే ఒక వైద్య పత్రికలో రాశారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మచ్చ ఉన్నవాళ్లందరికీ అలా అవదు. కానీ పుండు పడి మానకపోతే చూపించుకోవాలి.

చేయాల్సిందల్లా సులువే. బొందు స్థానంలో వెడల్పు పట్టీ వేసి, ముడి బదులు కొక్కెం పెట్టమంటే లంగాలు కుట్టే ఏ టైలరైనా కుట్టిస్తారు. ముడి రోజూ ఒకే చోట పడకుండా, ఒకే గీత మీద బిగించకుండా మార్చుతుండాలి. తాళాల గుత్తికి భుజాన వేసుకునే చిన్న సంచి మేలు. మా వదిన గారికి తాళాలు బొడ్లో లేకపోతే ఇల్లు తన చేతిలో లేనట్టే, ఎంత చెప్పినా వినలేదు. చివరికి వెడల్పు పట్టీకి చిన్న జేబు కుట్టి ఇచ్చాం. అది మాత్రం వాడుతున్నారు.

అపోహ: నడుము వెనక మధ్యలో పెట్టుకుంటే దేనికీ అడ్డం రాదు.

నిచ్చెన మీంచో బండి మీంచో వెల్లకిలా పడితే వెన్నుపూసకీ నేలకీ మధ్య కటింగ్ ప్లేయరు ఉంటుంది. ఆలోచించండి. గట్టి వస్తువేదీ వెన్ను మీద ఉండకూడదు. ముందువైపు పొట్ట మీద పెడితే వంగినప్పుడు పక్కటెముకల కింద పొడుస్తుంది. తుంటి ఎముకకి కాస్త వెనగ్గా, పక్కన ఉండే చోటు నయం. బరువైనది ఒక పక్క, మిగతావి రెండో పక్క పెట్టి సరిచూసుకోవాలి. పౌచ్ బెల్టుకి ఎంత పైకి, ఎంత దగ్గరగా ఆనితే అంత తక్కువ ఊగుతుంది. ఒకే లూపు ఉన్న పౌచ్ తిరుగుతుంది, అందుకని మేము దూరదూరంగా రెండు లూపులు వేస్తాం. వెనక వైపు రివిట్ తలలు ఒంటికి తగలకుండా ఇంకో పొర అతికిస్తాం. స్క్రూడ్రైవర్ మొన అడుగు చీల్చకుండా లోపల రబ్బరు ముక్క ఉండాలి. ఇవి లేని పౌచ్ ఎంత అందంగా ఉన్నా కొనకండి.

కొనేముందు మీ సామానంతా అందులో పెట్టి, కొట్లోనే గొంతుక్కూర్చుని చూడండి. తర్వాత బండెక్కి కూర్చోండి. సిగ్గుపడేవాళ్లు ఉంటారు గానీ, నిలబడి అద్దంలో చూసుకుంటే తెలిసేది ఏమీ లేదు.

అపోహ: వెనక జేబులో పర్సు వల్ల ఏమవుతుంది?

దాని మీద కూర్చుంటే పిరుదు కింద నరం నొక్కుకుపోయి కాల్లోకి లాగుతుందని 1978లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. బండి మీద, లారీ సీట్లో గంటలు కూర్చునేవాళ్లు ముందు జేబులోకి మార్చండి. పాత బిల్లులు తీసి పారేస్తే సగం పని అయినట్టే.

అపోహ: బ్యాగు అడ్డంగా వేసుకుంటే భుజానికి బరువు ఉండదు.

ఊగడం తగ్గుతుంది, బరువు మాత్రం అదే భుజం మీద ఉంటుంది. తేడా తెచ్చేది పట్టీ వెడల్పు. అంగుళం పట్టీని రెండంగుళాలు చేస్తే, అది భుజం మీద చదునుగా పరుచుకున్నంత వరకూ, చదరపంగుళానికి పడే ఒత్తిడి సగమవుతుంది. మెడ దగ్గరికి జరిగి కోసుకోకుండా పట్టీ అంచు చెక్కి నున్నగా చేయాలి. కండక్టర్ల బ్యాగుల్లో చిల్లర అడుగున ఒక మూలకి చేరి లాగుతుంటుంది కాబట్టి అడ్డగోడ కుట్టి అరలు చేస్తాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక చిల్లర బరువు తగ్గింది, టికెట్ మిషను చేతి నుంచి దిగడం లేదు అంటున్నారు. వాళ్లకి మిషను కోసం నడుము దగ్గర వేరే పౌచ్ అయితే మణికట్టుకి తెరిపి. భుజం పూటకోసారి మార్చడం మాత్రం ఎవరికైనా తప్పదు.

అపోహ: బొడ్డు కింద దురద అంటే తోలు పడలేదని అర్థం.

చాలాసార్లు తోలు పాపమేమీ ఉండదు. బొడ్డు కింద రూపాయి బిళ్లంత మేర ఎర్రగా, పొక్కుతూ ఉంటే అనుమానం బకిల్ మీద. చవక బకిళ్లలో, జీన్స్ బొత్తాల్లో నికెల్ ఉంటుంది. చెమటకి అది కరిగి చర్మానికి తగులుతుంది. బకిల్ వెనక తోలు నాలుక ఉన్న బెల్టు కట్టండి, చొక్కా లోపలికి దోపండి. బెల్టు మేర అంతా దురద ఉంటే అది తామరో చెమటకాయలో అయ్యుండొచ్చు, డాక్టరుకి చూపించాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటుతో తామర ముదురుతుంది.

అపోహ: "ఏం కాదులేన్నా, నాలుగు రోజులు వాడితే అలవాటైపోద్ది."

కొత్త తోలు బిరుసు వారం పది రోజుల్లో విరుగుతుంది, దానికి ఓర్చుకోవచ్చు. తిమ్మిరికీ, చర్మం ఒరుపుకీ, ఒకేచోట నొప్పికీ ఓర్చుకోకూడదు. అవి బెల్టు తప్పులు, వెనక్కి తెచ్చి సరిచేయించుకోండి.

అపోహ: కొబ్బరినూనె పట్టిస్తే తోలు బాగుంటుంది.

నూనె తాగిన తోలు మెత్తబడి సాగుతుంది. అంటే మనం డబ్బు పెట్టి కొన్న గట్టిదనమే పోతుంది. చెమట పట్టిన బెల్టుని తడిగుడ్డతో తుడిచి, నీడన ఫ్యాన్ గాలికి బకిల్ పట్టి వేలాడదీస్తే చాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు రంగులేని బూట్‌పాలిష్ పల్చగా రుద్దండి. కార్తీకమాసం ముసుర్లో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఎండలో పడేయొద్దు. వీలైతే రెండు బెల్టులు పెట్టుకుని రోజు మార్చి రోజు కట్టండి. చెమట పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది.