అల్జీమర్స్, మెదడు కాపలా కణాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వయసు మీద పడితే మతిమరుపు మామూలే.

వాస్తవం: పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం ఎవరింట్లోనైనా జరిగేదే. కానీ 40 ఏళ్లుగా రోజూ కాచిన చారు ఎలా కాచాలో తోచక, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతోందంటూ ఒక తల్లిని ఆమె కూతురు ఈమధ్య నా దగ్గరికి తీసుకొచ్చింది. దాన్ని చాదస్తం అని వదిలేయకూడదు. అది మెదడు కణాలు క్రమంగా దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయే అల్జీమర్స్ జబ్బు కావచ్చు, పరీక్ష చేయించాలి.

అపోహ: రోగనిరోధక శక్తి పెంచే మందులు వాడితే అల్జీమర్స్ రాదు.

వాస్తవం: ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ. మెదడులో అమిలాయిడ్ ప్రొటీన్ గడ్డకట్టడం లక్షణాలు బయటపడటానికి 15-20 ఏళ్ల ముందే మొదలవుతుంది. ఆ గడ్డలను చుట్టుముట్టి, వీలైనంత మింగి, పక్కనున్న నాడీకణాలను కాపాడేవి మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు. ప్రధానంగా ఈ కణాల్లో పనిచేసే ట్రెమ్2 జన్యువులో ఒక అరుదైన మార్పు ఉంటే అల్జీమర్స్ ముప్పు దాదాపు మూడు రెట్లు పెరుగుతుందని 2013లో తేలింది. అంటే కాపలా బలహీనపడితే జబ్బుకు దారి దొరుకుతుంది. అయితే ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉన్న మైక్రోగ్లియా వాపు (ఇన్‌ఫ్లమేషన్) కలిగించే రసాయనాలు వదులుతాయి, నాడీకణాలను కలిపే సంధులను సైతం మింగేస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. కనుక ఈ కణాలకు కావలసింది సమతుల్యత. దాన్ని ఇచ్చే మాత్ర ఏదీ నేటికీ లేదు. అదుపు తప్పిన షుగరు, ఊబకాయం, పొగతాగడం ఒంట్లో వాపును నిలిపి ఉంచి ఈ కణాలను రెచ్చగొడతాయి. రోజువారీ నడక, కంటినిండా నిద్ర వాటిని శాంతపరచడానికి తోడ్పడతాయి.

అపోహ: అమ్మకు వచ్చింది కాబట్టి నాకూ తప్పదు.

వాస్తవం: ముప్పు కొంత పెరుగుతుంది, అంతే. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బులు, అల్జీమర్స్ వీటిలో ప్రధానమైనది) కేసుల్లో సుమారు 45 శాతం, సరిదిద్దుకోదగిన 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ లెక్కగట్టింది. వాటిలో బీపీ, చెడు కొలెస్ట్రాల్‌తో పాటు మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని వినికిడి లోపం కూడా ఉంది. ఇవన్నీ చూసుకున్నా జబ్బు రాదని హామీ లేదు, వచ్చినవారు తప్పు చేశారనీ కాదు.

ఆ రోజు తల్లిని పరీక్షించాక, 48 ఏళ్ల కూతురిని కూడా కూర్చోబెట్టి బీపీ చూశాను. 160/100 ఉంది. అంతకుముందు ఎప్పుడూ చూపించుకోలేదట.