మైనస్ 8 డిగ్రీల నీరు

30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 200 గ్రాముల నీటిలో, మైనస్ 10 డిగ్రీల వద్ద ఉన్న 100 గ్రాముల మంచుగడ్డను వేస్తే చివరి ఉష్ణోగ్రత ఎంత? ఈ లెక్క ఇస్తే చాలామంది విద్యార్థులు వెంటనే మిశ్రమాల పద్ధతి సూత్రాన్ని అందుకుంటారు. వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం చల్లని వస్తువు గ్రహించిన ఉష్ణానికి సమానమని రాసి, గుప్తోష్ణాన్ని (ఉష్ణోగ్రత పెరగకుండానే మంచు కరగడానికి పట్టే ఉష్ణాన్ని) కూడా మరవకుండా కలిపి, జవాబు మైనస్ 8.3 డిగ్రీలని తేలుస్తారు. కూడికల్లో పొరపాటేమీ ఉండదు. మంచంతా కరిగిపోతుందన్న ఊహ మాత్రం, ఎవరూ పరీక్షించకుండానే సమీకరణంలో చేరిపోయి ఉంటుంది.

ముందుగా చూడవలసింది నీటి దగ్గర ఇవ్వడానికి ఎంత ఉష్ణం ఉందన్నది. పాత్ర సంగతి పక్కన పెడితే, ఆ నీరు సున్నా డిగ్రీలకు దిగేలోగా, గ్రాముకు ఒక్కో డిగ్రీకి ఒక కెలోరీ చొప్పున, 6,000 కెలోరీలు ఇవ్వగలదు. మంచు విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం) నీటి విశిష్టోష్ణంలో దాదాపు సగమే కాబట్టి, మంచు సున్నాకు చేరడానికి 500 కెలోరీలు చాలు. మిగిలిన 5,500 కెలోరీలతో, గుప్తోష్ణం గ్రాముకు 80 కెలోరీల చొప్పున, 68.75 గ్రాములే కరుగుతాయి. అంటే 31 గ్రాములకు పైగా మంచు ఇంకా తేలుతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత సున్నా దగ్గర నిలిచిపోతుంది. అదే మంచు 50 గ్రాములే అయితే, వేడెక్కి పూర్తిగా కరగడానికి 4,250 కెలోరీలు పోగా మిగిలిన 1,750 కెలోరీలు మొత్తం 250 గ్రాముల నీటిని 7 డిగ్రీలకు చేరుస్తాయి. నీటి ఆవిరి లెక్కల్లోనూ దారి ఇదే, అక్కడ గుప్తోష్ణంగా 80కి బదులు 540 వస్తుంది.

ఈ 80 అనే విలువను విద్యార్థులు కంఠస్థం చేస్తారే గాని, అది ఎలా బయటపడిందో వారికి చెప్పేవారు తక్కువ. చెప్పితీరాలని నా అభిప్రాయం. 1760ల ఆరంభంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ ఒకేలాంటి రెండు గాజు బుడ్లలో సమానంగా నీరు నింపి, ఒకదాన్ని గడ్డకట్టించి, రెండోదాన్ని గడ్డకట్టే స్థితికి కొంచెం పైన ఉంచి, ఒకే గదిలో వేలాడదీశాడు. నీరు 7 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడెక్కి 40కి చేరడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే 40కి రావడానికి పదిన్నర గంటలు, అంటే 21 అరగంటలు పట్టింది. అరగంటకు 7 చొప్పున 147 డిగ్రీలకు సరిపడే ఉష్ణం లోపలికి చేరినా, థర్మామీటరు చూపిన పెరుగుదల 8 డిగ్రీలే. తక్కిన 139 డిగ్రీల ఉష్ణం కరగడానికే ఖర్చయింది. ఇప్పటి ప్రమాణాల్లో అది గ్రాముకు సుమారు 77 కెలోరీలు.