బస్తా అందిందా?

కావలి,
కార్తీక మాసం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అటక మీద దొరికిన, ఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే మోడెమ్ పెట్టె మీద 14,400 అని ఎందుకుందని అడిగారు. టెలిఫోన్ తీగ మీద సెకనుకు పోయే బిట్ల (0, 1 అనే అంకెల) లెక్క అది. ఒక్కో బైటుకు ఎనిమిది బిట్లు, ముందొకటి, వెనకొకటి కాపలా, మొత్తం పది. అంటే సెకనుకు 1,440 బైట్లు. నెల్లూరులోని మిత్రుడి కంప్యూటర్‌కు ఎస్‌టీడీ (వేరే ఊరి కాల్) కలిపి ఫైళ్లు తెచ్చుకునేవాణ్ణి కనుక ప్రతి నిమిషమూ జేబుకు తెలిసేది. అయినా ఆ 1,440 చాలాకాలం నా కంటపడలేదు.

కారణం రైసుమిల్లులో చూపిస్తాను. హమాలీ ఒక బస్తా లారీకెక్కించి, గుమాస్తా "సరే" అనేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడనుకోండి. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాసిన ఎక్స్‌మోడెమ్ అనే ఫైళ్లు పంపే పద్ధతి అచ్చం అదే. 128 బైట్ల మూట పంపుతుంది, అవతలి కంప్యూటర్ సరిచూసి జవాబిచ్చేదాకా ఆగుతుంది.

పాత 2,400 మోడెమ్‌తో ఒక్కో మూటకు అర సెకను పైగా పట్టేది. జవాబు కోసం ఐదో వంతు సెకను ఆగినా పెద్ద బాధ లేదు. 14,400 పెట్టె కొన్నాక మూటకు సెకనులో పదో వంతు కూడా పట్టదు, ఆగడం మాత్రం అంతే! మోసిన సమయానికి రెట్టింపు నిలబడటమే. పది లక్షల బైట్ల ఫైలు 12 నిమిషాల్లో రావలసింది 38 నిమిషాలు తినేది. ఆరు రెట్ల వేగానికి డబ్బు పోసి, మూడు రెట్లయినా దక్కించుకోలేదు మీ తాత.

ఆ తర్వాత చక్ ఫోర్స్‌బర్గ్ వైమోడెమ్ అనే పద్ధతిలో మూటను 1,024 బైట్లు చేశాడు. అదే ఫైలు 15 నిమిషాలకు దిగింది. కానీ కార్తీకంలో మన వానలు తెలుసుగా? కేబుల్లోకి నీళ్లు దిగి లైను గరగరలాడితే, ఒక్క బిట్టు చెడినా అంత పెద్ద మూటా మళ్లీ మోయాలి. అప్పుడు చిన్న మూటే నయం.

1986లో ఆయనే తెచ్చిన జెడ్‌మోడెమ్ అసలు ఆగదు. బస్తాలు వరుసగా పోతూనే ఉంటాయి. చిరిగింది కనిపిస్తేనే గుమాస్తా కేకేస్తాడు, అక్కడినుంచి మళ్లీ మోస్తారు. సగంలో లైను తెగినా మర్నాడు తెగినచోటే అందుకోవచ్చు. ఎక్స్‌మోడెమ్ అయితే మొదటి బస్తా దగ్గరికే.

ఆ పెట్టెను మాత్రం పాతసామాన్లవాడికి వెయ్యకండి. దాని అడాప్టర్ నా బీరువాలో భద్రంగా ఉంది.

మీ తాతయ్య