మన ఇంటి చెట్టే కదా, కొట్టేస్తే ఏమవుతుంది? ఇంగ్లండ్‌లో చెట్ల పని: అపోహలు - వాస్తవాలు

రెండు వారాల కిందట రెడింగ్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "అన్నా, కొత్తగా ఇల్లు కొన్నాం, వెనకాల పెద్ద ఓక్ చెట్టుంది, పిల్లల గదిలోకి వెలుతురే రావట్లేదు, శనివారం వచ్చి కొట్టేస్తారా?" అని. శనివారం సంగతి తర్వాత, ముందు పోస్ట్‌కోడ్ చెప్పండి అన్నాను. కౌన్సిల్ మ్యాప్‌లో చూస్తే ఆ ఓక్ మీద టీపీఓ ఉంది, అంటే ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, చెట్టును కాపాడటానికి కౌన్సిల్ వేసే ఆర్డర్. ఆ శనివారం ఎవరైనా రంపం పట్టుకుని వచ్చి పని చేసి వెళ్లిపోయి ఉంటే ఆ కుటుంబం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది.

నేను ఇక్కడ పదకొండేళ్లుగా చెట్ల మీద పనిచేస్తున్నాను. మొదట్లో కింద నిలబడి కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పర్ యంత్రంలో లాగి వేసేవాణ్ణి, తర్వాత ఎక్కడం నేర్చుకుని, చైన్‌సా (మోటారు రంపం) సర్టిఫికెట్లు తీసుకుని, ఇప్పుడు సొంత వ్యాన్, ఇద్దరు మనుషులు. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు మనవాళ్లు ఇళ్లు కొంటున్న కొద్దీ తెలుగులో ఫోన్లు పెరిగాయి, అందరిలోనూ దాదాపు అవే నమ్మకాలు. కింద చెప్పేదంతా ఇంగ్లండ్ రూల్స్, స్కాట్లండ్, వేల్స్‌లో కొంత తేడా ఉంటుంది.

అపోహ: స్థలం నాది, చెట్టు నాది, ఎవరినో అడగడమేంటి?

టీపీఓ ఉంటే అడగాల్సిందే. మొదలంటా కొట్టేయడమే కాదు, తల నరకడం, కొమ్మలు తీయడం, వేర్లు కోయడం, ఇవన్నీ కౌన్సిల్ రాతపూర్వక అనుమతి లేకుండా చేస్తే నేరమే. ఏ జాతి చెట్టుకైనా, ఎంత చిన్నదానికైనా ఆర్డర్ వేయొచ్చు. అప్లికేషన్‌కి ఫీజు లేదు, ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు, నిర్ణయానికి మామూలుగా 8 వారాలు పడుతుంది, కాదంటే 28 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. ఆర్డర్ ఉందని నాకు తెలియదు అంటే కోర్టు వినదు. కొట్టినవాళ్లూ బాధ్యులే, కొట్టించినవాళ్లూ బాధ్యులే, చెట్టు నాశనమైతే ఫైన్‌కి పై హద్దంటూ లేదు. 2012లో పూల్ పట్టణంలో వెలుతురు కోసం ఒక పైన్ చెట్టు కొట్టించిన కేసులో 75,000 పౌండ్ల ఫైన్ వేశారు, చెట్టు పోవడం వల్ల ఇంటి విలువ పెరిగింది కాబట్టి దాని కింద ఇంకో 50,000 పౌండ్లు కట్టించారు.

మన దగ్గర కూడా 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, సొంత స్థలంలో చెట్టుకీ అనుమతి అడుగుతుంది. కాబట్టి ఇదేదో తెల్లవాళ్ల చాదస్తం అనుకోకండి.

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో ఒక కస్టమర్ "పర్మిషన్ అయిపోయింది" అన్నారు, నేను నమ్మి బీచ్ చెట్టెక్కి రెండు పెద్ద కొమ్మలు దించాను. పక్కింటావిడ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే గంటలోపే ట్రీ ఆఫీసర్ వచ్చి నిలబడ్డారు. తీరా చూస్తే కస్టమర్ అప్లికేషన్ వేశారంతే, జవాబు రాలేదు. హెచ్చరిక లెటర్‌తో బయటపడ్డాను గానీ ఆ నెలంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి కౌన్సిల్ నిర్ణయం రాసిచ్చే డెసిషన్ నోటీస్ నా కళ్లతో చూడకుండా, దాని కాపీ వ్యాన్‌లో పెట్టుకోకుండా తాడు విప్పను.

అపోహ: టీపీఓ లేదన్నారు, ఇక ఇబ్బంది లేదు.

ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత అందం చెడకుండా కౌన్సిల్ కాపాడే ప్రాంతంలో, ఉందేమో కూడా చూడాలి. అక్కడైతే నేల నుంచి మీటరున్నర ఎత్తులో కాండం అడ్డుకొలత 7.5 సెంటీమీటర్లు దాటిన చెట్టు దేనికైనా 6 వారాల ముందు కౌన్సిల్‌కి నోటీసు ఇవ్వాలి. ఏడున్నర సెంటీమీటర్లంటే మనిషి ముంజేయంత లావు. ఆ 6 వారాల్లో కౌన్సిల్ చేయగలిగింది రెండే, చెట్టు మీద టీపీఓ వేయడం లేదా మీ దారిన మిమ్మల్ని వదిలేయడం. గడువు దాటినా జవాబు రాకపోతే పని చేసుకోవచ్చు.

పొలమో, ఇంటి వెనక పెద్ద పచ్చిక బయలో ఉన్నవాళ్లకి ఇంకో మెట్టుంది, ఫారెస్ట్రీ కమిషన్ ఇచ్చే ఫెల్లింగ్ లైసెన్స్. 1967 నాటి చట్టం ప్రకారం మూడు నెలల త్రైమాసికంలో 5 ఘనమీటర్లకు మించి కలప కొట్టాలంటే అది కావాలి, అమ్ముకునేదైతే 2 ఘనమీటర్లు దాటితే చాలు, కావాల్సిందే. ఇంటి గార్డెన్‌కి, పండ్ల చెట్లకి ఇది వర్తించదు. కానీ ఇంటికి ఆనుకుని ఉన్న మేత భూమిని గార్డెన్ అనుకోవద్దు, అక్కడే చాలామంది దొరికిపోతారు. లైసెన్స్ లేకుండా కొడితే 2023 జనవరి నుంచి దీనికీ ఫైన్ పరిమితి తీసేశారు.

అపోహ: ఎండిపోయిన చెట్టుకు ఏ రూలూ లేదు.

సగం నిజం. టీపీఓ చెట్టు పూర్తిగా చనిపోతే అనుమతి అక్కర్లేదు, కానీ 5 పనిదినాల ముందు కౌన్సిల్‌కి రాసి చెప్పాలి, తర్వాత దాని బదులు ఇంకో మొక్క నాటాల్సి ఉంటుంది. రేపో ఎల్లుండో మీద పడేలా ఉంటే ఆగనక్కర్లేదు, ప్రమాదం తప్పించడానికి ఎంత అవసరమో అంత మాత్రం చేసి, కొట్టకముందు, కొట్టాక ఫోటోలు దాచుకోవాలి. అది చచ్చిందని, ప్రమాదకరమని నిరూపించుకోవాల్సింది మనమే. ఇంకోటి, జనవరిలో ఆకు లేని చెట్టు చూసి చనిపోయిందని ఫోన్ చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వేప, మామిడి చూసి పెరిగినవాళ్లకి అలా అనిపించడం సహజం. మే నెల వరకు ఆగండి.

యాష్ చెట్ల సంగతి మాత్రం వేరు. 2012లో ఈ దేశంలో బయటపడ్డ యాష్ డైబ్యాక్ అనే శిలీంధ్ర తెగులు వాటిని చంపుకుంటూ వస్తోంది. తెగులు ముదిరిన యాష్ కొమ్మ మనిషి బరువుకి ముందు ఏ చప్పుడూ లేకుండా పుటుక్కున విరిగిపోతుంది, అలాంటి చెట్టు నేను ఎక్కను, ఎత్తుకి లేపే యంత్రం అద్దెకి తెస్తాను. దాని ఖర్చు బిల్లులో కనిపిస్తుంది, దయచేసి దాని మీద బేరం ఆడకండి.

అపోహ: మార్చి నుంచి ఆగస్టు వరకు చెట్లు ముట్టుకోకూడదు, మిగతా నెలల్లో ఫర్వాలేదు.

తేదీల మీద నిషేధమేమీ లేదు. పక్షి కట్టుకుంటున్న గూటిని గానీ, వాడుకలో ఉన్న గూటిని గానీ ఏ నెలలోనైనా పాడుచేయకూడదు, అది 1981 చట్టం. గబ్బిలాలు ఉండే తొర్ర అయితే అవి లేని సమయంలో కూడా ముట్టుకోకూడదు. అందుకే ఎక్కే ముందు కింద నుంచి పది నిమిషాలు చెట్టు చుట్టూ తిరిగి చూస్తాను.

అపోహ: పక్కింటి కొమ్మలు మన వైపు వస్తే కోసి అవతల పడేయొచ్చు.

హద్దు వరకు కోయొచ్చు, అవతలికి ఒక్క అంగుళం కూడా వెళ్లకూడదు, టీపీఓ ఉంటే ఇదీ కుదరదు. కోసిన కొమ్మలు, వాటికున్న కాయలు చెట్టు ఓనరువే, తీసుకుంటారా అని అడగాలి, చెప్పకుండా కంచె మీంచి విసిరితే గొడవ. ముందు ఒకసారి తలుపు తట్టి మాట్లాడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

అపోహ: తల నరికేస్తే చెట్టు చిన్నగా, భద్రంగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. తల నరికిన చోట గుబురుగా కొత్త చిగుళ్లు వస్తాయి, అవి పాత కొమ్మల్లా మాను లోపలి నుంచి పుట్టవు, పైపైన అతుక్కుని పెరుగుతాయి. ఐదారేళ్లకి బరువెక్కి గాలికి ఊడిపడతాయి, ఈలోపు నరికిన చోట నీరు దిగి మాను కుళ్లిపోతుంది. చెట్టుకి మనలా గాయం మానదు, పాడైన భాగం చుట్టూ గోడ కట్టుకుని కొత్త చెక్క వేసుకుంటుంది. అందుకే ఎక్కడ కోశామన్నది ముఖ్యం, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి కోయాలి. గాయానికి తారు, రంగు పూయడం వల్ల కుళ్లు ఆగదు. ఎత్తు తగ్గించాలంటే ఒక పద్ధతి ఉంది, దానికి బ్రిటిష్ స్టాండర్డ్ 3998 ఉంది. మీ దగ్గరకొచ్చినవాళ్లు ఆ నంబరు విననట్టు మొహం పెడితే పని ఇవ్వకండి.

లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల మీద ఇల్లుంటే ఇంకో జాగ్రత్త. చెట్టు నీరు పీల్చి నేల కుంగుతుందని భయపడి పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే, అదే మట్టి మళ్లీ నీరు పట్టి ఉబ్బి పునాదుల్ని పైకి తోస్తుంది. గోడల్లో పగుళ్లుంటే ముందు ఇన్సూరెన్స్ వాళ్లని, ఇంజనీర్‌ని అడగండి, తర్వాత నన్ను పిలవండి.

అపోహ: రెండు గంటల పనికి అంత రేటా? కలప కూడా మీరే తీసుకెళ్తారు కదా.

వారంలో నాలుగు సార్లయినా వింటాను. నేను పైన ఉంటే, నాకేమైనా అయితే ఎక్కి దించగలిగే మనిషి ఒకరు కింద ఉండాలి, కాబట్టి ఇద్దరికి తక్కువగా ఏ చెట్టూ ఎక్కం. తాళ్లు, హార్నెస్ ప్రతి 6 నెలలకి తనిఖీ చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. మనుషుల్ని పెట్టుకుంటే పనివాళ్లకి దెబ్బ తగిలితే కట్టే ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కనీసం 50 లక్షల పౌండ్లకి చట్టప్రకారం తప్పనిసరి, పక్కింటి కారు మీద కొమ్మ పడితే కట్టే పబ్లిక్ లయబిలిటీ వేరే. వ్యర్థాలు తీసుకెళ్లడానికి రిజిస్ట్రేషన్ కావాలి. గాలి ఎక్కువైతే రోజంతా పోతుంది, జీతాలు పోవు. టర్నోవర్ 90,000 పౌండ్లు దాటితే వ్యాట్‌కి రిజిస్టర్ చేసుకుని బిల్లులో 20 శాతం కలపాలి, అదే వీధిలో వ్యాట్ లేనివాడి కొటేషన్ పక్కన మనది ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాన్ తాళాలు పగలగొట్టి రంపాలు ఎత్తుకెళ్లడం ఈ పనిలో మామూలైపోయింది, నాకు ఒకసారి మూడు పోయాయి.

ఇక కలప. పచ్చి కట్టెలు అమ్ముకుని డబ్బు చేసుకుంటామని అనుకుంటారు. 2021 మే నుంచి 2 ఘనమీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు, దానికి సర్టిఫికెట్ ఉండాలి. అంటే చీల్చి, పేర్చి, ఏడాది రెండేళ్లు ఆరబెట్టాలి, ఆ స్థలానికి మళ్లీ అద్దె. కంచెగా పెంచే లేలాండీ లాంటి చెట్లైతే ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.

ఇంటికొచ్చి తలుపు కొట్టి, "పక్క వీధిలో పని చేస్తున్నాం, ఇప్పుడే క్యాష్ ఇస్తే సగం రేటుకి చేస్తాం" అనేవాళ్లకి మాత్రం వద్దని చెప్పండి. ఇన్సూరెన్స్ కాగితం, చైన్‌సా సర్టిఫికెట్లు చూపించమనండి, చూపించలేకపోతే మాట అక్కడితో ఆపేయండి. ఇంటి దగ్గర కుదిరిన ఒప్పందాన్ని 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకుంది, ఈలోపే పని మొదలుపెట్టమని మీరు రాసిస్తే అయినంతవరకు డబ్బు కట్టాలి.

రెడింగ్ ఓక్‌కి పోయిన గురువారం అప్లికేషన్ వేశాం. కొట్టేయడానికి కాదు, కింది కొమ్మలు కొన్ని తీసి, మధ్యలో కొంచెం పలచన చేయడానికి. ఎనిమిది వారాలు ఆగాలి. ఈలోగా పిల్లల మంచాలు, చదువుకునే టేబుల్ ముందు గదిలోకి మార్చుకున్నారట.